చోడవరంలో ఎన్ని అక్షరాలు?

చోడవరం అన్న మాటలో ఎన్ని అక్షరాలున్నాయి? ఒకటో తరగతి పిల్లాడిని అడిగినా టక్కున చెప్పేస్తాడు, నాలుగని. చో, డ, వ, రం. అంతే కదా! ఇదే ప్రశ్న రూబీని 2005లో అడిగుంటే పద్దెనిమిది అని చెప్పేది. 2010లో ఆరు అని చెప్పేది. 2017 చివరి నుంచి నాలుగు అని కూడా చెప్పగలుగుతోంది (అడిగే పద్ధతిలో అడిగితేనే లెండి). పద్దెనిమిది నుంచి నాలుగుకి రావడానికి ఓ భాషకి పన్నెండేళ్ళు పట్టిందన్నమాట.

నవ్వుకోడానికి బానే ఉంటుంది గానీ, ఈ లెక్క వెనక పెద్ద కథే ఉంది. రూబీలో వెబ్ అప్లికేషన్లు రాసి బతికేవాణ్ణి, పైగా చోడవరం వాణ్ణి కాబట్టి ఆ కథ నాకు కొంచెం దగ్గరది. పనికొచ్చే చిట్కాలు కావాలన్నవాళ్ళు కూడా ఓపిగ్గా చదవండి. చిట్కాని విడిగా బట్టీ పడితే మర్చిపోతాం, అదెందుకు పుట్టిందో తెలిస్తే గుర్తుంటుంది. నా మటుకు నాకు అంతే.

ముందుగా, ఈ మూడు అంకెలూ ఎక్కణ్ణుంచి వచ్చాయో చూద్దాం.

మన దేశ భాషల్ని కంప్యూటర్‌లో దాచడానికి 1988లో ఇస్కీ అనే ప్రమాణం తయారైంది. 1991లో దాన్ని సవరించి భారతీయ ప్రమాణంగా అచ్చువేశారు. దాని వెనకున్న ఆలోచన చక్కటిది. మన లిపులన్నీ అక్క చెల్లెళ్ళే, అన్నిటికీ క, ఖ, గ, ఘ అనే వరసే. కాబట్టి హల్లుకో అంకె, గుణింతపు గుర్తుకో అంకె, పొల్లుకో అంకె ఇచ్చేస్తే చాలు, ఏ గుణింతమైనా ఏ వత్తైనా వాటిని కలిపి రాసుకోవచ్చు. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్ ఈ పద్ధతినే తీసుకుని తెలుగుకి 128 గడులు కేటాయించింది. కొరియా వాళ్ళ దారి వేరు. వాళ్ళ లిపిలో సాధ్యమయ్యే 11,172 అక్షరాలకీ ఒక్కొక్కదానికి ఒక్కో గడి దక్కింది. మనకి ముక్కలిచ్చారు, వాళ్ళకి అక్షరాలిచ్చారు. ఏది మంచిదన్న వాదన ఇప్పుడు అనవసరం. మన 'చో' కంప్యూటర్‌కి ఒక అక్షరం కాదు, 'చ' పక్కన ఓత్వం. 'రం' కూడా అంతే, 'ర' పక్కన సున్నా. ఆ విధంగా చోడవరం ఆరు ముక్కలయింది.

ఇక పద్దెనిమిది సంగతి. 1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు న్యూజెర్సీలో ఓ హోటల్లో భోంచేస్తూ, బల్ల మీద పరిచిన కాగితం మీద యూటీఎఫ్-8 అనే పద్ధతిని గీశారు. ఇవాళ వెబ్ దాదాపు మొత్తం దాని మీదే నడుస్తోంది. అందులో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగు ముక్క ఒక్కోదానికి మూడు బైట్లు కావాలి. ఆరు మూళ్ళు పద్దెనిమిది. లెక్క సరిపోయిందా?

అంటే మూడు సమాధానాల్లో ఏదీ తప్పు కాదు. పద్దెనిమిది బైట్లు, ఆరు కోడ్‌పాయింట్లు, నాలుగు అక్షరాలు. ఏ పనికి ఏ లెక్క వాడాలన్నదే అసలు సమస్య.

ఇప్పుడు రూబీ కథలోకి వద్దాం. యుకిహిరో మత్సుమొతో (అందరూ మాట్జ్ అంటారు) 1993లో ఈ భాష మొదలుపెట్టారు. 1995 డిసెంబరులో మొదటిసారి నలుగురికీ పంచారు. అప్పట్లో అది జపాన్ దాటి పెద్దగా బయటికి రాలేదు, చాలా వివరణలు జపనీసులోనే ఉండేవి. 2000 చివర్లో డేవ్ థామస్, ఆండీ హంట్ ఇంగ్లీషులో పుస్తకం రాశాకే బయటి ప్రపంచానికి గట్టిగా పరిచయమైంది. 2004 జులైలో డెన్మార్క్ కుర్రాడు డేవిడ్ హైన్‌మెయర్ హాన్సన్ రెయిల్స్‌ని విడుదల చేశాక తుఫాను మొదలైంది. 2005 డిసెంబరులో రెయిల్స్ 1.0 వచ్చింది. 2006లో ట్విట్టర్, 2008లో గిట్‌హబ్ దాని మీదే లేచాయి.

ఒక చిక్కుముడి ఉంది చూడండి. జపనీస్ మనిషి రాసిన భాష కదా, ఇంగ్లీషు కాని అక్షరాలు దానికి బాగా తెలిసుండాలి కదా? మరి 1.8 కాలంలో చోడవరం పొడవు పద్దెనిమిది అని ఎందుకంది?

కారణం ఏంటంటే, జపాన్ వాళ్ళకి అప్పటికే ఒకటి కాదు, మూడు పద్ధతులున్నాయి. విండోస్‌లో షిఫ్ట్-జిస్, యూనిక్స్‌లో ఈయూసీ, ఈమెయిళ్ళకి ఇంకోటి. ఒకదాన్ని ఇంకోటనుకుని చదివితే తెర మీద పిచ్చి గీతలు పడేవి. దానికి వాళ్ళ భాషలో 'మొజిబాకె' అని ప్రత్యేకంగా ఓ పేరే ఉంది. మనం 'డబ్బాలు కనిపిస్తున్నాయి' అంటామే, దాని పెద్దన్న లాంటిదన్నమాట. పైగా చైనా, జపాన్, కొరియా వాళ్ళు వాడే చైనా అక్షరాల్లో ఒకే మూలం ఉన్నవాటిని యూనికోడ్ ఒకే గడిలో కలిపేసిందని జపాన్‌లో చాలామందికి కోపం. అందుకని 'లోపలంతా యూనికోడే' అని జావా తీసుకున్నంత తేలిగ్గా మాట్జ్ ఆ నిర్ణయం తీసుకోలేదు. 1.8లో స్ట్రింగ్ అంటే బైట్ల వరస, అంతే. ఏ పద్ధతిలో చదవాలో ప్రోగ్రాం మొత్తానికి ఒక్క మీట ఉండేది, అదీ ముఖ్యంగా రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల కోసం. పొడవు అడిగితే బైట్లే లెక్కపెట్టేది. తిరగెయ్యమంటే బైట్లనే తిరగేసేది.

రెయిల్స్ మొదట్లో దాన్ని అలాగే మోసింది. పెద్ద వ్యాసంలో మొదటి నూరు అక్షరాలు చూపించమంటే నూరు బైట్ల దగ్గర టక్కున కోసేసేది. తెలుగు ముక్కకి మూడు బైట్లు కాబట్టి కోత సరిగ్గా ముక్క చివరే పడే అవకాశం మూడింట ఒకవంతు. మిగతా రెండువంతులూ చివర్లో ఒక విరిగిన ముక్క. 2007 జనవరిలో వచ్చిన రెయిల్స్ 1.2లో బహుబైట్ల అక్షరాలకి ఒక తొడుగు చేర్చారు. దాన్ని రాసినవాళ్ళు ఎక్కువగా యూరప్ వాళ్ళు. ఎవరికి నొప్పి ఉందో వాళ్ళే మందు నూరుకున్నారు.

అదే కాలంలో మనవాళ్ళేం చేస్తున్నారు? ఊరికే కూర్చోలేదు. 1990ల మొదట్లోనే అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న తెలుగువాళ్ళు, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతినీ, దాన్ని తెలుగు లిపిలోకి మార్చే ప్రోగ్రామునీ తయారుచేశారు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచారి గారి పోతన ఫాంటు వచ్చింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. దాన్ని మొదలుపెట్టిన వెన్న నాగార్జున గారే 'పద్మ' అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు కూడా రాశారు. అప్పట్లో మన దినపత్రికల సైట్లు ఒక్కోటి ఒక్కో సొంత ఫాంటుతో ఉండేవి, లోపలున్నది అసలు తెలుగే కాదు, తెలుగు బొమ్మల వేషం వేసుకున్న ఇంగ్లీషు అక్షరాలు. పద్మ వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. తర్వాత వీవెన్ గారి లేఖిని వచ్చి, ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యకుండా బ్రౌజర్‌లోనే ఎవరైనా తెలుగు రాసుకునేలా చేసింది. వీటిల్లో ఏదీ పెద్ద కంపెనీ వచ్చి పెట్టిన భిక్ష కాదు. రాసుకోవాలన్న యావ ఉన్నవాళ్ళు సాయంత్రాలు కూర్చుని చేసుకున్నవే.

మళ్ళీ రూబీకొస్తే, 2007 క్రిస్మస్ రోజు 1.9 వచ్చింది (స్థిరమైన 1.9.1 కోసం 2009 జనవరి దాకా ఆగాల్సొచ్చింది). మాట్జ్ బృందం ఎంచుకున్న దారి విచిత్రమైంది. అన్నిటినీ యూనికోడ్‌లోకి మార్చెయ్యకుండా, ప్రతి స్ట్రింగ్‌కీ మెడలో ఓ బిళ్ళ కట్టారు, 'నేను ఫలానా పద్ధతిలో ఉన్నాను' అని. యూటీఎఫ్-8 బిళ్ళ ఉంటే పొడవు ఆరు. బిళ్ళ లేకుండా వట్టి బైట్లుగా చూస్తే పద్దెనిమిది. ఈ పనిలో జపాన్ వాళ్ళతో పాటు టోక్యోలోని అవొయామా గకుయిన్ విశ్వవిద్యాలయంలో ఉన్న స్విస్ ఆచార్యుడు మార్టిన్ డ్యూర్స్ట్ లాంటివాళ్ళ చెయ్యి కూడా ఉంది.

ఆలోచన బాగుంది గానీ, వాడేవాళ్ళకి చుక్కలు కనిపించాయి. డేటాబేస్ నుంచి వచ్చిన స్ట్రింగ్‌కి ఒక బిళ్ళ, ఫారం నుంచి వచ్చినదానికి ఇంకో బిళ్ళ. రెండూ ఇంగ్లీషైతే ఏ గొడవా లేదు. ఒక్క తెలుగు అక్షరం, ఒక్క జర్మన్ చుక్కల అక్షరం వచ్చిందా, 'ఈ రెండూ కలవవు' అని ప్రోగ్రాం ఆగిపోయేది. ఫైలు మొదటి వరసలో ఫలానా ఎన్‌కోడింగ్ అని వ్యాఖ్య రాయకపోతే కోడ్‌లో తెలుగు మాట రాయనిచ్చేది కాదు. ఆ పేచీలు తీర్చడానికి ఎహూదా కాట్జ్ లాంటివాళ్ళు రెయిల్స్ 3 సమయంలో (2010) చాలా చెమటోడ్చారు. అప్పటి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ చేత ఫారాలు యూటీఎఫ్-8లోనే పంపించడానికి ప్రతి ఫారంలోనూ ఓ దొంగ గడి పెట్టారు. అందులో ముందు మంచుబొమ్మ గుర్తు, తర్వాత టిక్కు గుర్తు ఉండేది. పాత రెయిల్స్ సైట్ల చిరునామాల్లో ఆ టిక్కు గుర్తు మీరూ చూసే ఉంటారు. 2019లో రెయిల్స్ 6 నుంచి కొత్త అప్లికేషన్లలో అది మాయమైంది. 2013 ఫిబ్రవరిలో వచ్చిన రూబీ 2.0తో కోడ్ ఫైళ్ళకి యూటీఎఫ్-8 మామూలు పద్ధతయిపోయింది, ఆ మొదటి వరస వ్యాఖ్య బాధా తీరింది. నేను ఇంజనీరింగులో చేరేసరికి ఈ యుద్ధాలన్నీ ముగిశాయి. మా తరం వడ్డించిన విస్తరి ముందు కూర్చుంది.

నాలుగు అన్న సమాధానం 2017 డిసెంబరులో, రూబీ 2.5తో వచ్చింది. గ్రాఫీమ్ క్లస్టర్స్ అనే మెథడ్ అది. కంటికి ఒక్కటిగా కనిపించేవాటిని ఒక్కటిగా ఇస్తుంది. చోడవరం నాలుగయింది, హమ్మయ్య. కానీ విశాఖపట్నం? బళ్ళో లెక్కైతే వి, శా, ఖ, ప, ట్నం... అయిదు. పాత యూనికోడ్ నియమం ప్రకారం మాత్రం ఆరు, ఎందుకంటే 'ట్నం'లో పొల్లు దగ్గర విడదీసి 'ట్' వేరు, 'నం' వేరు చేస్తుంది. వత్తులున్న మాటలన్నిటికీ ఇదే గతి. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం లిపులకి సంయుక్తాక్షరాన్ని విడదీయకూడదన్న నియమం చేరింది. మన ఒత్తుని ఒత్తుగా గుర్తించడానికి యూనికోడ్ మొదటి వెర్షన్ నుంచి లెక్కేస్తే ముప్పై రెండేళ్ళు! మీ సర్వర్ మీద ఉన్న రూబీ ఏ లెక్క చెబుతోందో ఐఆర్‌బీ తెరిచి విశాఖపట్నంతో ఒక్కసారి చూసుకోండి. అర నిమిషం పని.

పెద్ద కంపెనీలకి కూడా ఇది తేలిగ్గా లేదు. 2018 ఫిబ్రవరిలో తెలుగు 'జ్ఞా' అక్షరం ఒకానొక రకంగా (మధ్యలో కనపడని ఓ గుర్తుతో) పంపితే ఐఫోన్లు చతికిలపడ్డాయి. మెసేజ్ తెరవగానే యాప్ ఆగిపోయేది. ఆపిల్ ఆ నెల్లోనే ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసింది. అప్పుడు నేను ఫైనలియర్. హాస్టల్లో ఒకళ్ళకొకళ్ళు పంపుకుని నవ్వుకున్నాం గానీ, ఆలోచిస్తే నవ్వే విషయం కాదు. కోట్ల మంది రాసే అక్షరాన్ని ఎవరూ పరీక్షించి చూడలేదన్నమాట.

సరే, ఇంతకీ ఇదంతా ఎందుకు? పేర్ల కోసం.

మాది చెరకు ఊరు. పక్కనే గోవాడలో సహకార చక్కెర ఫ్యాక్టరీ, అటుపక్క అనకాపల్లి బెల్లం మార్కెట్. మా వైపు మనిషి బతుకులో డబ్బు వచ్చే ప్రతిచోటా ఓ పట్టీ ఉంటుంది, ఆ పట్టీలో పేరు, తండ్రి పేరు, ఊరు ఉంటాయి. మా బంధువొకాయన పేరు ఒక కార్యాలయం పట్టీలో 'సీతారాం' బదులు 'సీతారా' అని పడింది. సున్నా ఎగిరిపోయింది. బ్యాంకులో ఉన్న పేరుతో కలవలేదు, డబ్బులు ఆగిపోయాయి, పెద్దాయన మూడుసార్లు బస్సెక్కి తిరిగాడు. లోపల ఏం జరిగిందో ఊహించడం కష్టం కాదు. సీతారాం అంటే ఏడు ముక్కలు, ఇరవై ఒక్క బైట్లు. పేరుకి ఇరవై బైట్ల గడి ఇచ్చారనుకోండి, ఇంగ్లీషుకి ఇరవై అక్షరాలు సుఖంగా పడతాయి. తెలుగులో ఏడో ముక్కకి ఒక్క బైటు తక్కువ! విరిగిన బైట్లని శుభ్రం చేసే ప్రోగ్రాం ఇంకోటి ఉంటే (రూబీలో స్క్రబ్ అనే మెథడ్ 2013 చివర్లో వచ్చింది) ఆ విరిగిన సున్నాని నిశ్శబ్దంగా ఊడ్చేస్తుంది. మిగిలింది సీతారా. ఎక్కడా ఎర్రర్ రాదు, లాగ్‌లో ఒక్క వరస ఉండదు. పెద్దాయన మాత్రం బస్టాండ్‌లో ఉంటాడు.

అందుకని, కథలోంచి పిండుకున్న చిట్కాలు ఇవి:

1. ఏ లెక్క ఎక్కడో ముందు తేల్చుకోండి. ఫైలు పేర్లకీ, ఇండెక్సులకీ బైట్ల లెక్క. లినక్స్‌లో ఫైలు పేరుకి 255 బైట్లు హద్దు, అంటే తెలుగులో 85 ముక్కలే. ఎస్సెమ్మెస్‌కి ముక్కల లెక్క. ఇంగ్లీషులో 160 పట్టే మెసేజ్‌లో తెలుగైతే 70. మనిషి కంటికి చూపించేటప్పుడు, కత్తిరించేటప్పుడు అక్షరాల లెక్క. చోడవరాన్ని ముక్కల వారీగా తిరగేస్తే 'ంరవడోచ' అవుతుంది, ఓత్వం పోయి డకి అంటుకుంది చూడండి. అక్షరాల వారీగా తిరగేస్తే 'రంవడచో'.

2. స్క్రబ్‌ని విరిగినదాన్ని మాయం చెయ్యడానికి వాడకండి. పనిగట్టుకుని వేరే గుర్తు ఇవ్వకపోతే అది విరిగినచోట ప్రశ్నార్థకం ఉన్న వజ్రం గుర్తు పెడుతుంది, దాన్ని అలాగే వదిలెయ్యండి. కనిపించే తప్పు కనపడని తప్పు కన్నా వెయ్యి రెట్లు నయం.

3. మై ఎస్‌క్యూఎల్‌లో 'యూటీఎఫ్8' అన్న పేరుతో చాలాకాలం ఉన్నది మూడు బైట్ల దాకానే. తెలుగు సరిగ్గా మూడు బైట్లే కాబట్టి పరీక్షలన్నీ పాసవుతాయి. ఎవరో తెలుగు వాక్యం చివర ఓ నవ్వు బొమ్మ పెడతారు, అది నాలుగు బైట్లు, అక్కడ పడుతుంది దెబ్బ. 2010లో వచ్చిన 'యూటీఎఫ్8ఎంబీ4' వాడండి. 2018లో మై ఎస్‌క్యూఎల్ 8.0 నుంచి అదే మామూలయింది. పాత డేటాబేస్‌లైతే ఇప్పటికీ చూసుకోవాల్సిందే.

4. రెయిల్స్‌లో చిరునామాలు తయారుచేసే పారామీటరైజ్ మెథడ్‌కి చోడవరం ఇవ్వండి. ఖాళీ స్ట్రింగ్ వస్తుంది. మాడుగుల ఇవ్వండి, అదీ ఖాళీయే. రావికమతం, బుచ్చెయ్యపేట, దేవరాపల్లి... అన్నీ ఒకటే శూన్యం! అద్వైతం అంటే ఇదేనేమో :) తెలుగు పేర్లకి ముందు వరస సంఖ్య పెట్టి పక్కన పేరు తగిలించండి. '12-చోడవరం' అని వస్తే రూబీ ముందున్న 12ని తీసుకుని మిగతాది వదిలేస్తుంది. కానీ ఆ చిరునామాని కాపీ చేస్తే ఒక్కో ముక్కా తొమ్మిది గుర్తులవుతుంది. చోడవరానికి యాభై నాలుగు. పొడుగు పేర్లు పెట్టకండి.

5. పేరు సరైనదా కాదా అని పరీక్షించే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో 'వర్డ్' గుర్తు వాడితే రూబీలో అది ఇంగ్లీషు అక్షరాలూ అంకెలే. తెలుగు లిపి అని పేరు పెట్టి అడిగే సౌకర్యం ఉంది, అది వాడండి. దాంతో పాటు జీరో విడ్త్ నాన్ జాయినర్‌ని కూడా ఒప్పుకోండి. అది తెలుగు గడుల్లో లేదు, కానీ 'సాఫ్ట్‌వేర్' అని సరిగ్గా రాయాలంటే కావాలి.

6. ఆ కనపడని గుర్తే వెతుకులాటలో శత్రువు. రాజ్‌కుమార్, రాజ్కుమార్ ఇద్దరూ ఒకే మనిషి, డేటాబేస్‌కి మాత్రం ఇద్దరు. చివర్ల ఖాళీలు కోసే స్ట్రిప్ దీన్ని తియ్యదు. చూపించడానికి మనిషి రాసినది రాసినట్టు ఒక గడిలో ఉంచండి, వెతకడానికి ఆ గుర్తు తీసేసిన నకలు ఇంకో గడిలో ఉంచండి.

7. ఐత్వాన్ని రెండు రకాలుగా దాచొచ్చు, ఒకే ముక్కగానో, ఎత్వం పక్కన ఇంకో గుర్తుగానో. కంటికి ఒకటే. దాచుకునే ముందు యూనికోడ్ నార్మలైజ్ (రూబీ 2.2, 2014 నుంచి ఉంది) చేయించండి.

8. రూబీ వరసలో 'ళ' వచ్చి 'ల' పక్కన కూర్చుంటుంది, 'వ' కన్నా ముందు. మనం బళ్ళో నేర్చుకున్నది య ర ల వ శ ష స హ ళ. పెద్దవాళ్ళు చూసే జాబితా అయితే వరసకి వేరే గడి పెట్టుకోవాలి. ౧౨౩ అని తెలుగు అంకెలు వస్తే రూబీ దృష్టిలో అది సున్నా, ముందే మార్చుకోండి.

9. ఊరి పేరుని తాళం చెయ్యిగా వాడకండి. మాది కాక విజయవాడ దగ్గర పెనమలూరు మండలంలో ఓ చోడవరం ఉంది, మన్యంలో రంపచోడవరం ఉంది. జిల్లా పేరుని కోడ్‌లో రాసెయ్యకండి. నేను పుట్టింది విశాఖపట్నం జిల్లా చోడవరంలో. 2022 ఏప్రిల్ 4న పదమూడు జిల్లాలు ఇరవై ఆరయ్యాయి, మా ఊరు అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. ఊరు అంగుళం కదల్లేదు. ఎన్ని ప్రోగ్రాముల్లో ఎన్ని డ్రాప్‌డౌన్లు పాతబడ్డాయో! జిల్లాలు ఒక టేబుల్‌లో, 'ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు' అన్న తేదీలతో ఉండాలి.

ఇవన్నీ చెబితే మా ఆఫీసులో వినిపించే మాట ఒకటుంది. 'ఎందుకొచ్చిన గొడవ, పేర్లు ఇంగ్లీషులో పెట్టేస్తే పోలా?' అని. పోదు. ఇంగ్లీషులో రాస్తే కోటపాడు, కోతపాడు ఒకటే. నకీ ణకీ తేడా లేదు, లకీ ళకీ తేడా లేదు. ఒకే పేరుని తండ్రి ఒకలా, కొడుకు ఒకలా, బ్యాంకు క్లర్కు ఇంకోలా రాస్తారు. 'అనకాపల్లి' చివర ఇంగ్లీషులో ఏ అక్షరం పెట్టాలన్నదే ఇంకా తేలలేదు. గొడవ తప్పించుకున్నామని ప్రోగ్రామర్ అనుకుంటాడు గానీ, ఆ గొడవ అక్కణ్ణుంచి లేచి కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషి నెత్తి మీద కూర్చుంటుంది.

అన్నట్టు సరదా విషయం ఒకటి. రూబీ 1.9 నుంచి వేరియబుల్స్‌కి, మెథడ్స్‌కి తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు. 'మొత్తం' అనే వేరియబుల్‌లో బస్తాల లెక్క దాచుకుంటే నిక్షేపంలా పనిచేస్తుంది. క్లాసుకి మాత్రం అచ్చ తెలుగు పేరు కుదరదు, ఎందుకంటే రూబీలో క్లాసు పేరు పెద్దక్షరంతో మొదలవ్వాలి, మన లిపిలో పెద్దక్షరం చిన్నక్షరం అన్న భేదమే లేదాయె. సమసమాజం :) పదిమందితో పనిచేసే ప్రాజెక్టులో నేనైతే తెలుగు పేర్లు పెట్టను, పిల్లలకి ప్రోగ్రామింగ్ నేర్పేటప్పుడైతే తప్పకుండా పెడతాను.

చివరగా ఒక ఊరి సంగతి. మాట్జ్ ఉండేది టోక్యోలో కాదు, జపాన్ పడమటి తీరాన ఉన్న మత్సుయె అనే చిన్న నగరంలో. అది ఉన్న షిమనె రాష్ట్రం జపాన్‌లో అతి తక్కువ జనం ఉన్నవాటిలో ఒకటి. కుర్రాళ్ళంతా పెద్ద నగరాలకి పోతుంటే, 2006లో ఆ నగరపాలక సంస్థ 'మా ఊరు రూబీ ఊరు' అని ప్రకటించుకుని, రైల్వే స్టేషన్ ఎదురుగా ఓ చోటు ఇచ్చి, ప్రోగ్రామర్లు కలుసుకునే ఏర్పాటు చేసింది. 2009 నుంచి అక్కడ రూబీవరల్డ్ సదస్సు జరుగుతోంది. చోడవరం రేపే మత్సుయె అయిపోవాలని నేననట్లేదు. అంత వెర్రి లేదు. కానీ ఒకటి గమనించండి. రూబీకి ఇన్ని లిపులు మోసే శక్తి వచ్చింది దయాగుణం వల్ల కాదు. దాన్ని రాసినవాళ్ళు తమ పేరు తమ లిపిలో సరిగ్గా కనపడాలనుకున్నారు. ఆ పట్టుదల మిగులులోంచి మనకీ దక్కింది. లేఖినీ పద్మా కూడా అలాంటి పట్టుదలకి పుట్టినవే.

ఆ మిగులుకి మనం కలపాల్సింది పెద్ద పనేం కాదు. మీ ప్రాజెక్టులో టెస్టులుంటాయి కదా, వాటిలో 'జాన్', 'జేన్' అని నమూనా పేర్లుంటాయి కదా. అవి తీసేసి మీ తాతగారి పేరు, అమ్మమ్మగారి పేరు, మీ ఊరి పేరు తెలుగులో పెట్టండి. వత్తున్న పేరొకటి, చివర సున్నా ఉన్న పేరొకటి, మధ్యలో పొల్లున్న పేరొకటి తప్పనిసరి. టెస్టులు నడపండి. ఎన్ని ఎర్రగా వస్తాయో చూసి, ఒక్కోటీ ఆకుపచ్చ చెయ్యండి. ఓ మధ్యాహ్నం పడుతుంది. ఎవరో ఒక సీతారాం గారికి మూడు బస్సులు తప్పుతాయి.